యశోద కూడా నవ్విన వీడియో

"సాయిశ్రీ! గా ఫోన్ పక్కకు పెడ్తవా, నన్నొచ్చి గుంజుకొమ్మంటవా?"

యశోద వంటింట్లోంచి అరవడం అది నాలుగోసారి. ఏడున్నరకల్లా ఆదిభట్ల కంపెనీ బస్సు వస్తుంది. అక్కడి క్యాంటీన్‌లో ఆమెకు పని. తొమ్మిదో తరగతి చదివే కూతురు మాత్రం జడ కూడా వేసుకోకుండా, మంచం మీద బోర్లా పడుకొని ఫోన్‌లో ఏదో చూస్తూ కిసుక్కున నవ్వుతోంది.

"జర ఆగు మమ్మీ, రెండే నిమిషాలు."

"లేస్తే అదే, పండేదాక అదే! యాష్టకొచ్చింది నీతోని."

ఇంతలో గుమ్మంలో మైసమ్మ కనిపించింది. వెనక వీధిలో ఉంటుంది, ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర చేపలమ్ముతుంది. ఆమె కూతురు ఉమారాణిదీ సాయిశ్రీదీ ఒకే క్లాసు.

"యశోదక్కా, నా బిడ్డ నాల్గు దినాల సంది బడికి పోతలేదు. గిది చూడు."

మైసమ్మ చాపిన ఫోన్‌లో ఉమారాణి నడిచిపోతోంది. వెనక నుంచి తీసిన వీడియో. 'చేపల కంపు వస్తుంది, జరుగుండ్రి' అని అక్షరాలు, కింద వంద నవ్వు బొమ్మలు. తీస్తూ నవ్విన గొంతు సాయిశ్రీది.

"నువ్వే తీసినవానే?"

"అందరు పంపుకున్నరు మమ్మీ. మజాక్‌కి చేసినం."

"మజాకా?" యశోద చెయ్యెత్తింది.

"నువ్వు గూడ నవ్వినవ్ కదా! ఆదివారం చూపిస్తే, పిన్నికి పంపుమన్నవ్!"

ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. నిజమే. కూరగాయలు తరుగుతూ చూసింది. ఎవరి పిల్ల అని కూడా అడగలేదు.

మైసమ్మ కళ్ళొత్తుకుంది. "నన్ను పక్కల కూసోనిస్తలేదక్కా. 'నీ వల్లనే నవ్విండ్రు' అంటుంది."

బయట బస్సు హారన్ మోగింది.

"మమ్మీ, బస్సు..."

"పోనియ్యి. నువ్వు నడువు."

మైసమ్మ ఇంట్లో ఉమారాణి గోడవైపు తిరిగి కూర్చుంది. యశోద ఆమె పక్కన నేలమీద కూలబడింది.

"బిడ్డా, గా వీడియో చూసి నేను గూడ నవ్విన. తప్పయింది."

తల్లి ఒకరి ముందు అలా తలదించడం సాయిశ్రీ ఎన్నడూ చూడలేదు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. వీడియో తీసేసి, క్లాసు గ్రూపులో 'తీసింది నేనే, తప్పు నాదే' అని రాసింది.

సాయిశ్రీ చూపిస్తే ఉమారాణి అది చదివి, ఆమెవైపు తిరిగింది. "ఫోన్‌ల గాదు. క్లాసుల, అందరి ముందట చెప్తవా?"

"చెప్త."

"అయితే రేపొస్త. నువ్వు చెప్పేటప్పుడు నేను గాడ్నే నిలబడ్త."