తువ్వాల కింద మూడు వేళ్లు

ప్రేమించిన మనిషిని తాను ఎంతవరకు ఎరుగును?

లక్ష్మణ్ ఈ ప్రశ్న ఇంతకు ముందెన్నడూ వేసుకోలేదు. అనుమానం అతని వృత్తి. ఇంట్లో అడుగుపెట్టగానే ఆ వృత్తికి సెలవు ఇచ్చేవాడు. ఈరోజు ఆ సెలవు రద్దయింది.

చెన్నైలో బయలుదేరిన క్రూజ్ షిప్పు పొరుగు ద్వీపంలోని ఒక చిన్న రేవు ముందు లంగరు వేసింది. ప్రయాణికులను బోట్లలో బీచ్‌కు దింపారు. సాయంత్రం ఆఖరి బోటు బయలుదేరేవరకు అందరికీ ఒడ్డున విహారం. లక్ష్మణ్ కొబ్బరిచెట్ల వెనక్కి వెళ్లి శాటిలైట్ ఫోన్ ఆన్ చేశాడు.

"పూత ఎట్లుంది?"

"మంచు పట్టింది."

కోడ్ సరిపోయింది. అవతల హైదరాబాద్ నుంచి చీఫ్ మొయినుద్దీన్. కొల్లాపూర్ మామిడితోటల్లో పెరిగిన మనిషి. అతని కోడ్ మాటలన్నీ అక్కడివే.

"విను. ఆయుధాల రింగుకు ఐదుగురు కొరియర్లు, ఒక్కొక్కరికి ఒక నంబరు. వాళ్లల్ల ఒకరు మన మనిషని రింగుకు తెలిసింది. ఎవరో తెల్వదు. మన ఆఫీసుల నుంచి ఎవరో ఆ నంబరును ఇయ్యాల నువ్వున్న బీచ్ మీదనే రింగుకు చెప్తుండ్రు. చెప్పేది ఎవరో రింగుకు కూడ తెల్వదు, మనకూ తెల్వదు."

"అడ్డుకుంటే?"

"నంబరు అందకుంటే ఐదుగురినీ చంపుతరు. ఆర్డర్ పాసైంది. శ్రవణ్ వాళ్ల బోటు మీదున్నడు. రాత్రి దాకా మనం అందుకోలేం. లక్ష్మణ్, వాడు బతకాలె."

లైన్ కట్టయింది.

ఐదుగురిలో భారత ఏజెంట్ ఒకరేనని రింగు అనుకుంటోంది. నిజానికి ఇద్దరు. మూడో నంబరు అచ్చంపేట శ్రవణ్ కుమార్. ఐదో నంబరు మాలతి, లక్ష్మణ్ భార్య. మిగిలిన ముగ్గురూ మూటలో ఏముందో తెలియని జాలర్లు.

అతను ఇసుక మీద పరిచిన చాప దగ్గరికి తిరిగి వచ్చాడు. తల్లి భీమమ్మ సముద్రాన్ని కోపంగా చూస్తోంది.

"గిన్ని నీళ్లుండి ఏం ఫాయిద బిడ్డా? ఒక్క మడి పారదు."

"అందుకే చూసి పోతున్నమమ్మా."

"చూసుడు అయింది. రొట్టె తింటవా?" ఆమె సంచీలోంచి జొన్నరొట్టె తీసింది. "శ్రవణ్ పిలగాడైతే అడిగి తింటుండె. నువ్వు బతిమాలించుకుంటవు."

కొడుకూ కోడలూ బీమా కంపెనీలో పనిచేస్తారని, శ్రవణ్ వాళ్ల ఆఫీసు స్నేహితుడని ఆమె నమ్మకం. ఈ ప్రయాణం కంపెనీ ఇచ్చిన బహుమానమని కూడా నమ్మింది. ముసలి తల్లిదండ్రులు వెంట ఉన్న జంటను ఎవరూ సోదా చేయరు. వాళ్లను తీసుకురావడంలో లక్ష్మణ్ లెక్క అంతే.

తండ్రి దశరథం చాప మీద లేడు. లక్ష్మణ్ వాచీ అంచు తిప్పాడు. తండ్రి చెవిలోని వినికిడి మిషన్‌ను అతనే మార్పించాడు. అందులో మైక్రోఫోన్ ఉంది. వాచీలోంచి మాట్లాడితే ఆ చెవికి వినిపిస్తుంది. గుంపులో తప్పిపోకుండా ఉండటానికని తండ్రికి చెప్పాడు. మాలతికి ఆ సంగతి తెలియదు.

లక్ష్మణ్ చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో మొదట అలల హోరు, తర్వాత మాలతి గొంతు.

"మామా, గా గడ్డిటోపీ ఆయనకు మన పెబ్బేరు బేరం చూడాల్నని ఉందంట. తువ్వాల కప్పి మూడు వేళ్లు పట్టుండ్రి. నోటితోని ఏం చెప్పొద్దు."

"గంతేనా? ఏం కొంటడంట? ఎద్దా, బర్రా?"

"ఆట మామా. అయినంక మా తానికి రావొద్దు, సీదా పడవ కాడికి పోండ్రి. మేమూ వస్తం."

"ఆటైతేంది బిడ్డా, బేరం బేరమే. తువ్వాల తియ్యి."

దశరథం పెబ్బేరు సంతలో పశువుల బ్రోకరుగా తల నెరిసిన మనిషి. ఆయన తరం బ్రోకర్లు ధరను బయటికి పలికేవారు కాదు. చేతులు కలిపి పైన తువ్వాల కప్పేవారు. పట్టుకున్న వేళ్లే అంకె. చుట్టూ ఎంతమంది నిలబడ్డా తువ్వాల తప్ప మరేమీ కనిపించదు. పెళ్లయిన కొత్తలో మాలతిని సంతకు తీసుకెళ్లి ఆ విద్య చూపించింది కూడా ఆయనే.

మూడు. శ్రవణ్.

లక్ష్మణ్‌కు నొప్పి ఇంకా రాలేదు. స్పష్టత మాత్రం వచ్చింది, కత్తి దిగిన తర్వాత రక్తం రావడానికి ముందు ఉండే స్పష్టత.

భీమమ్మ కాళ్లు కడుక్కోవడానికి అలల దగ్గరికి వెళ్లింది. మాలతి నీలం గద్వాల చీర కొంగు గాలికి ఎగురుతుండగా వచ్చి అతని పక్కన కూర్చుంది. బీచ్‌లో సగం మంది ఆమెను తిరిగి చూశారు. ఆమె నల్లకళ్లద్దాలు పెట్టుకుని అతని మోచేతిని తాకింది.

"ఏంది, గట్ల కూసున్నవ్?"

దూరంగా దశరథం గడ్డిటోపీ విదేశీయుడి ఎదుట చతికిలబడ్డాడు. భుజం మీది ఎర్రంచు తువ్వాల తీసి దులిపాడు. అదే గుర్తు అయి ఉండాలి, విదేశీయుడు వెంటనే చెయ్యి చాపాడు.

ఒకటి, రెండు, నాలుగు అంటే, ఏ పాపం తెలియని జాలరి ఒకడు చస్తాడు. మూడు అంటే శ్రవణ్. మౌనంగా ఉంటే అందరూ.

తువ్వాల చేతుల మీద పడింది.

లక్ష్మణ్ వాచీని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. గొంతు తగ్గించలేదు. "నాయినా, మూడు కాదు. ఐదు పట్టు."

మాలతి చెయ్యి అతని మోచేతి మీదే బిగుసుకుపోయింది. అక్కడ దశరథం తల ఒక్క క్షణం పక్కకు వంగింది. తువ్వాల కదిలింది. గడ్డిటోపీ లేచి నిలబడి రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు.

"నేను నీ పెండ్లాన్ని," అంది మాలతి, పెదవులు కదలకుండా.

"ఎరుక."

"వాళ్లు నా దాకా వస్తుండె. ఎవరో ఒకల్ని చెప్పాల్నాయె."

"చెప్పినవ్. నేను దిద్దిన."

"అబద్ధం చెప్పినవ్!"

"ఐదు కూడ నిజమే కద."

ఆమె సగం లేచి మళ్లీ కూర్చుంది. పరుగెత్తి వెళ్లి, నంబరు పంపింది తానేనని వాళ్లకు చెప్పవచ్చు. కానీ భారత ఆఫీసు రహస్యం నీకెట్లా తెలిసిందని వాళ్లు అడుగుతారు. ఆ మొదటి ప్రశ్నకే ఐదు రుజువైపోతుంది. ఈ సంగతి ఆమెకు మెల్లగా అర్థమవడం లక్ష్మణ్ ఆమె ముఖంలో చూశాడు. తల తిప్పుకోలేదు.

ఆఖరి బోటు హారన్ మోగింది.

"లెవ్వు బిడ్డా, పడవ పోతది," అంది భీమమ్మ, తిరిగి వచ్చి కోడలి భుజం తట్టి.

మాలతి లేవలేదు. కొబ్బరిచెట్ల వైపు నుంచి ఇద్దరు మనుషులు తొందర లేకుండా నడిచి వస్తున్నారు.

"ఆమె తర్వాత వస్తదమ్మా," అన్నాడు లక్ష్మణ్. తల్లి సంచీ అందుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని బోటు వైపు నడిపించాడు. వెనక నుంచి ఒక్కసారి తన పేరు వినిపించింది. తర్వాత అలలే వినిపించాయి.

బోటులో దశరథం ముఖం వెలిగిపోతోంది.

"ఏం మనిషిరా గాయన! ఐదు వేళ్లు పట్టంగనే దండం పెట్టి లేషిండు. జర తగ్గించుమని కూడ అడగలే. గసొంటి గిరాకి పెబ్బేరుల ఒక్కడు దొరకలే నాకు." బోటు కదిలింది. ఆయన ఒడ్డు వైపు చూసి, కొడుకు వైపు తిరిగాడు. "కోడలేది? ఇంతకు మనం అమ్మింది ఏందిరా?"

లక్ష్మణ్ ఒక నిర్ణయానికి వచ్చాడు. తండ్రి చెవిలోంచి మిషన్‌ను మెత్తగా తీసి సముద్రంలో పారేశాడు.

"కొత్తది కొనిస్త నాయినా," అన్నాడు.

ఆయనకు వినపడలేదు.