వేరే గిన్నె

లక్ష్మీదుర్గకూ సాయికౌశిక్‌కూ పరిచయం ఒక కాజాతో, కొన్ని చీమలతో మొదలైంది.

దర్శిలోని ఒక జూనియర్ కాలేజీలో ఆమె బోటనీ చెబుతుంది, అతను లెక్కలు చెబుతాడు. ఉద్యోగం పర్మనెంట్ అయిన రోజున అతను స్టాఫ్‌రూమ్‌లో అందరికీ కాజాలు పంచాడు. ఆమె నవ్వుతూ తీసుకుంది, కంగ్రాట్స్ చెప్పింది, అతను పక్క బల్ల వైపు తిరగగానే కాజాను కాగితంలో చుట్టి సొరుగులో పెట్టేసింది. మర్నాడు చూస్తే చీమలు ఆ సొరుగులోంచి బయలుదేరి, నేల మీదుగా, సరిగ్గా అతని కుర్చీ కాలి దాకా బారు తీరి ఉన్నాయి.

అతను ఆ బారు వెంటే నడిచివచ్చి ఆమె ముందు ఆగాడు.

"నచ్చకపోతే వద్దనొచ్చు కదండీ. తీసుకుని చీమలకి పెట్టడం దేనికి?"

"వద్దంటే ఎందుకని అడుగుతారు. చెబితే అయ్యో పాపం అంటారు. ఆ అయ్యో వినడం కంటే చీమలే నయమండీ."

"నేను అననులెండి. చెప్పండి."

ఆమె చెప్పింది. గోధుమ, మైదా, రవ్వ తనకు పడవు. పడకపోవడమంటే ఇష్టం లేకపోవడం కాదు. చిటికెడు లోపలికి వెళ్ళినా పేగులు దెబ్బతింటాయి, మూడు నాలుగు రోజులు మంచం పట్టాల్సిందే. డిగ్రీ చదివే రోజుల్లో గుంటూరు డాక్టరు ఒకాయన దానికి సీలియాక్ అని పేరు పెట్టేదాకా, పిల్ల సన్నబడుతోందని ఇంట్లో దిష్టి తీస్తూనే ఉన్నారు.

అతను అయ్యో అనలేదు. "రేపు సున్నుండలు తెస్తాను. వాటిలో గోధుమ ఉండదు. అవి కూడా చీమలకి పెడితే మాత్రం ఊరుకోను" అన్నాడు.

ఆ మాట ఆమెకు చాలా రోజులు గుర్తుండిపోయింది. జబ్బు గురించి విన్నవాళ్ళంతా ఆమె తినలేనివాటిని లెక్కపెట్టేవారు. తినగలిగినదాన్ని వెతికినవాడు ఇతనొక్కడే.

* * *

ఆగస్టులో ఏదో శిక్షణ పేరుతో కాలేజీ ఇద్దరినీ గుంటూరు పంపింది. సాయంత్రం బస్టాండు వైపు నడుస్తుంటే వాన అందుకుంది. ఎదురుగా అద్దాల తలుపుల రెస్టారెంట్ ఒకటి కనిపిస్తే లోపలికి పరిగెత్తారు. మెనూలో టాకో అన్న మాట చూడగానే లక్ష్మీదుర్గ ముఖం వెలిగింది.

"ఇది మొక్కజొన్న రొట్టెండీ. మెక్సికో వాళ్ళది. ఎవరినీ ఏమీ అడక్కుండా నేను తినగలిగిన పరదేశపు వంట ఇదొక్కటే."

వడ్డించే కుర్రాడు మాత్రం తమ దగ్గర మైదావే ఉన్నాయనీ, మొక్కజొన్నవి బయటి దేశం నుంచి రావాలనీ, వచ్చినా ఖరీదు ఎక్కువేననీ వినయంగా చెప్పాడు. ఆమె మెనూ మూసి నవ్వింది.

"మా నాన్న చేలో మొక్కజొన్న ఉంది. మెక్సికో వాళ్ళ చేలోనూ మొక్కజొన్నే ఉంది. మధ్యలో ఈ మైదా ఎక్కడ ఎక్కిందో."

బయటికి వచ్చి, ఒక షాపు రేకుల చూరు కింద నిలబడి, బండి మీద కాల్చిన కంకులు ఉప్పూకారం రాయించుకుని తిన్నారు. చూరు మీంచి జారే నీళ్ళు ఇద్దరి ముందూ తెరలా దిగుతున్నాయి. ఆ తెర వెనక నిలబడి అతను, ఇంట్లో ఆమె గురించి చెప్పానన్నాడు.

"ఏమని?"

"చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకుంటానని."

"నన్ను అడక్కుండానే?"

"లెక్కల్లో ముందు అనుకుంటామండీ. తర్వాత రుజువు చేస్తాం."

"రుజువు కాకపోతే?"

"అనుకున్నది తప్పని ఒప్పుకుని, మళ్ళీ మొదటినుంచి చేస్తాం."

ఆమెకు నవ్వు వచ్చింది, కానీ నిలవలేదు. చేతిలోని కంకిని తిప్పసాగింది. కులాలు వేరన్న భయం ఆమెకు అంతగా లేదు. అది నలుగురూ నోరు తెరిచి మాట్లాడుకునే సంగతి, ఎప్పటికో ఒకప్పటికి తేలుతుంది. ఆమె భయం ఇంకా చిన్నది, రోజూ మూడుపూటలా ఎదురయ్యేది.

"మీవాళ్ళు మంచివాళ్ళే అయుంటారు. నాకోసం వేరే గిన్నెలో వండుతారు. మొదటి నెల ప్రేమగా, రెండో నెల ఓపికగా. తర్వాత ఎప్పుడో ఒకరోజు, ఈ పిల్లకి రోజూ వేరేగా వండాలా అని ఎవరో అనుకుంటారు. బయటికి అనరు. అయినా నాకు వినపడుతుంది."

అతను తొందరపడి మాట ఇవ్వలేదు. వాన కొంచెం తగ్గాక అన్నాడు. "ఆ టాకోలు మా ఇంట్లో చేస్తాను. మీకొక్కరికే కాదు, అందరికీ. వేరే గిన్నె ఉండదు. వచ్చి చూడండి."

* * *

లక్ష్మీదుర్గ ఈ సంగతి తండ్రికి చెప్పింది. పేరయ్య మిరప మొక్కల మధ్య కలుపు తీయిస్తున్నాడు. అంతా విని, తలగుడ్డ విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

"కులం సంగతి, చుట్టాల సంగతి నేను చూసుకుంటా. వాళ్ళింట్లో నీ కడుపు నిండుద్దో లేదో, అది మాత్రం నువ్వే చూసుకుని రా. నిండదనుకో, ఆ పిల్లాడు ఎంత బంగారమైనా వద్దు."

ఆపైన ఒక సంచిలో ఎండిన మొక్కజొన్నలు పోసి ఇచ్చాడు.

ఆ సంచితో సాయికౌశిక్ పడ్డ పాట్లు ఆమెకు స్టాఫ్‌రూమ్‌లో కొద్దికొద్దిగా తెలిశాయి. సంచి రాకముందు అతను బజార్లో కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ కొని తెచ్చాడట. అది పెనం మీద గోడలకు పోస్టర్లు అంటించే జిగురులా తయారైందట. గింజలు వచ్చాక పిండిమరకు బయలుదేరి సగం దారిలో ఆగిపోయాడు. మరలో అంతకుముందు ఎవరివో గోధుమలు ఆడి ఉంటారు, దాని గొంతులో ఆ పిండి కొంతైనా మిగులుతుంది. వెనక్కి వచ్చి, పప్పులు తప్ప ఏదీ విసరని అటక మీది తిరగలి దింపాడు. వాళ్ళమ్మ జ్ఞానప్రసూనాంబ గింజల్ని రోట్లో దంచి ఇస్తే, తను కూర్చుని విసిరాడు. చపాతీలు ఎరగని కొత్త పెనం కొన్నాడు. పిండిలో మరిగే నీళ్ళు పోసి కలిపితే రొట్టె విరగదని ఆవిడే చెప్పింది. జొన్నరొట్టెకు ఇది మేనత్త కూతురులా ఉందని కూడా అన్నదట. రెస్టారెంట్‌లో ఒక్క ప్లేటుకు అయ్యే ఖర్చుతో ఇంటిల్లిపాదీ తినొచ్చని తేలాక ఆవిడకు ఇంకా ఉత్సాహం వచ్చింది.

ఒకరోజు అతను కుడిచేత్తో చాక్‌పీస్ పట్టుకోలేక ఎడమచేత్తో రాయడం ఆమె కిటికీలోంచి చూసింది. చేతికి ఏమైందని అడిగితే, "ఈమధ్య లెక్కలు కఠినంగా ఉంటున్నాయండీ" అన్నాడు. అరచేతిలో తిరగలి పిడి చేసిన బొబ్బలు ఉన్నాయి.

* * *

ఆదివారం మధ్యాహ్నం ఆమె వాళ్ళింటికి వెళ్ళింది.

సాయికౌశిక్ తండ్రి శేషాచలం గారు పురోహితులు. ఆ చుట్టుపక్కల ఎన్నో పెళ్ళిళ్ళు చేయించిన ఆయన ఏ పెళ్ళిలోనూ భోజనం చేయలేదు. బయటి వంట ముట్టకూడదన్నది ఆయన నియమం. ఎక్కడికి వెళ్ళినా భార్య కట్టిచ్చిన క్యారియర్, మంచినీళ్ళ చెంబు వెంట వెళ్ళేవి. ఆయన లక్ష్మీదుర్గను చూసి, కూర్చో అమ్మా అన్నారు. అంతకుమించి మాట్లాడలేదు.

నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కొత్త అప్పడాలకర్ర మీద వంచి ఆరబెట్టిన మొక్కజొన్న రొట్టెలు దోసిళ్ళలా ఉన్నాయి. కీరా ముక్కలు, టమాటా పచ్చడి, గట్టి పెరుగు, గిన్నె నిండా అలసందల కూర. ఎవరికి కావలసింది వాళ్ళు రొట్టెలో నింపుకోవాలని సాయికౌశిక్ పాఠం చెప్పినట్టు చెప్పాడు. అతని ముఖంలో పరీక్ష బాగా రాసిన పిల్లవాడి వెలుగు ఉంది. నిజంగానే ఆ బల్ల మీద వేరే గిన్నె లేదు.

జ్ఞానప్రసూనాంబ కూర గిన్నె మూత తీసింది. లక్ష్మీదుర్గ చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

ఇంగువ వాసన.

తిరగలి దగ్గరా, పెనం దగ్గరా అంత జాగ్రత్తపడ్డ మనిషికి ఇంగువ ఎలా తోచలేదో ఆమెకు వెంటనే అర్థమైంది. ఉల్లి, వెల్లుల్లి ఎరగని ఆ వంటింట్లో ఇంగువను ఎవరూ దినుసుగా లెక్కపెట్టరు. అది నీళ్ళలా, నిప్పులా ముందే ఉంటుంది. దూరంగా ఉన్నదాన్ని వెతికి పట్టుకోవచ్చు. ఎప్పుడూ కళ్ళెదుట ఉండేదాన్ని చూడటమే కష్టం.

ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఎన్నో ఇళ్ళలో చేసిందే. కీరా, పెరుగుతో రొట్టె తినేసి, కూర వడ్డిస్తే పళ్ళెం అంచుకు నెట్టి, చేతిరుమాలు చాటున దాచేయవచ్చు. లేదా తినేసి, నాలుగు రోజులు కాలేజీకి సెలవు పెట్టవచ్చు. ఈ రెండిటిలో ఏది చేసినా ఈరోజు చక్కగా గడిచిపోతుంది. కానీ అలా గడిచిన రోజు ఎవరిది? ఈ ఇంట్లోకి అడుగుపెట్టేది దాచుకునే లక్ష్మీదుర్గ అయితే, ఆమెనే వీళ్ళు ఇష్టపడతారు. అసలు మనిషి జీవితమంతా సొరుగులో కాగితం చుట్టుకుని ఉండిపోవాలి.

"అమ్మగారూ, కూరలో ఇంగువ వేశారాండీ?"

"ఇంగువ లేకుండా తాలింపేమిటమ్మా" అంది ఆవిడ, సంతోషంగా.

"ఇది నేను తినలేనండి."

డబ్బాల్లో అమ్మే ఇంగువలో చాలాసార్లు గోధుమపిండి కలుపుతారని ఆమె చెప్పింది. చెబుతున్నంతసేపూ పళ్ళెం వైపే చూసింది. సాయికౌశిక్ వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చి, కిటికీ వెలుగులో దాని వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదివాడు. పైకి చదవలేదు. అతని ముఖం చూస్తే చాలు.

"మా ఇంట్లో తిననన్నవాళ్ళు ఇంతవరకు లేరు" అంది జ్ఞానప్రసూనాంబ. ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే లక్ష్మీదుర్గకు మరింత కష్టంగా అనిపించింది.

అప్పుడు శేషాచలం గారు రొట్టె పళ్ళెంలో పెట్టి భార్య వైపు తిరిగారు.

"ఆ మాట నేను అన్నాను కదే. ఊరూరా, ఇంటింటా, ఇన్నేళ్ళు. తిననని చెప్పి నా క్యారియర్ విప్పుకున్నాను. వండిన ఇల్లాలి ముఖం ఎలా ఉంటుందో ఏనాడూ తలెత్తి చూడలేదు. ఇవాళ నీ ముఖంలో చూశాను. నాది నియమం. సడలిస్తే సడలుతుంది. ఈ పిల్లది ప్రాణం. అయినా నేను గర్వంగా చెప్పిన మాట, ఆ తల్లి భయపడుతూ చెప్పింది."

జ్ఞానప్రసూనాంబ లేచి, కొడుకు చేతిలోని ఇంగువ డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుక్కర్‌లో తాలింపు పెట్టని అలసందలు ఇంకొన్ని మిగిలి ఉన్నాయి. కొత్త మూకుడు పెట్టిన చప్పుడు, ఆవాలు చిటపటలాడిన చప్పుడు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వాసన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పెరటి తలుపు తెరుచుకుని మూసుకుంది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో ఒకే గిన్నె ఉంది. మొదటి గిన్నెను బల్ల మీదనుంచి తీసేసి, దాని చోట అది పెట్టింది.

"ఇంగువ డబ్బా బయట పెట్టేశాను. గోధుమ కలపనిది దొరికితే చూద్దాం, దొరికేదాకా ఈ ఇంట్లో లేదు. ఈయన క్యారియర్ ఇన్నేళ్ళు కట్టినదాన్ని, నాకు ఇదొక లెక్క కాదు." లక్ష్మీదుర్గ పళ్ళెంలో కూర వడ్డిస్తూ, "వెల్లుల్లి మాత్రం తెమ్మనకమ్మా" అంది.

లక్ష్మీదుర్గ నవ్వబోయింది. కళ్ళు ముందుగా తడిసిపోయాయి. ఎదురుగా సాయికౌశిక్, బొబ్బలు మానని చేత్తో కొత్త రొట్టె ఒకటి ఆమె వైపు జరిపాడు.

"అనుకున్నది తప్పయింది. మళ్ళీ మొదటినుంచి చేశాం" అన్నాడు మెల్లగా.

శేషాచలం గారు రొట్టెలో కొత్త కూర నింపుకుని తిన్నారు. ఇంగువ లేని తాలింపు ఆయన నోటికి బహుశా అదే మొదటిసారి.

"ఎలా ఉందండీ?" అని అడిగింది భార్య.

ఆయన నమలడం పూర్తిచేసి, న్యాయంగా ఆలోచించి, "అలవాటవుతుంది" అన్నారు.

* * *

సాయంత్రం బస్టాండులో సన్నగా తుంపర మొదలైంది. సాయికౌశిక్ గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. గొడుగు మొత్తం ఆమె మీదే ఉంది. అతని భుజం తడుస్తోందని ఆమె రెండుసార్లు చెప్పింది, అతను వినలేదు. ఇంతలో ఫోన్ మోగింది. అవతల నాన్న పేరయ్య. ఆ ఇంటివాళ్ళ గురించి గానీ, మాటల గురించి గానీ ఏమీ అడగలేదు.

"తిన్నావా అమ్మా?"

లక్ష్మీదుర్గ గొడుగు పిడిని పట్టుకుని, కొంచెం అతని వైపు వంచింది.

"మారు వడ్డించుకున్నాను నాన్నా."