నాలుగు మూలల పసుపు

అమావాస్య... మిట్ట మధ్యాహ్నం పన్నెండు గంటలు!

నారాయణగూడ మీద కారుమేఘాలు కమ్ముకుని పట్టపగలే కాళరాత్రిని దించాయి. ఫెళఫెళమని ఉరుము! ఫ్లైఓవర్ కింద ఆటోలు లైట్లు వేసుకుని నడుస్తున్నాయి. సందు చివర పాత మేడ గోడ మీద ఒక గుడ్లగూబ కూర్చుని జగదీశ్వర్‌నే రెప్ప వేయకుండా చూస్తోంది. అతను ఆ మేడ వైపే నడుస్తున్నాడు. చొక్కా లోపల దాచిన కాగితం చెమటకు తడవకుండా చేత్తో పట్టుకున్నాడు. ఆ కాగితం మీద ఒక ఆడపిల్ల ప్రాణం ఆధారపడి ఉంది మరి!

ముప్పై ఏళ్లుగా చిక్కడపల్లిలో పాత కాగితాల వ్యాపారం అతనిది. నిజాం కాలపు దస్తావేజులు, సినిమా కరపత్రాలు, అగ్గిపెట్టె లేబుళ్లు... ఏది అసలో ఏది నకిలీయో చిటికెలో తేల్చేవాడు. భూతద్దం కింద బొమ్మ చుక్కలు చుక్కలుగా విడిపోతే కొత్త అచ్చు. వెనక వేలితో తడిమితే అక్షరాల నొక్కు తగిలిందా, పాత అచ్చు. నీలి టార్చి వేస్తే కొత్త కాగితం తళుక్కుమంటుంది, పాతది చలించదు. నకిలీని పట్టేవాడికి నకిలీ చేయడం ఎంత పని? టీ డికాషన్‌లో ముంచి, పెనం మీద ఆరబెట్టి ఎన్ని అంటగట్టాడో! ఎవరి ప్రాణం మీదికీ రాలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. నెల కిందటి దాకా.

అశోక్‌నగర్‌లో అతని ఇంటి పైగదిలో రేణుక కిరాయికి ఉంటోంది. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుతున్న పిల్ల. నెల కిందట దుకాణానికి వచ్చి, నీలి టార్చి పరీక్ష సంగతి అడిగి తెలుసుకుని, తన జన్మపత్రిక ఇచ్చింది.

"సార్, మడతల కాడ చినుగుతున్నది. జర అతికిచ్చి ఇయ్యరాదుండ్రి?"

ఊరి పురోహితుడు తన తండ్రి దాచిన చేతికాగితం, అంటే చేత్తో తయారైన పాత కాగితం మీద రాసిన పత్రిక అది. జగదీశ్వర్ ఓపిగ్గా అతికించాడు. మూలల్లో పసుపు ఎప్పుడో వెలిసిపోయింది. జన్మపత్రికను బోసి మూలలతో తిరిగి ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. పసుపు బిడ్డకు రక్ష అని తన తల్లి నేర్పిన అలవాటు! వ్యాపారం మరిచి నాలుగు మూలలా కొత్త పసుపు రాశాడు.

సరిగ్గా అప్పుడే దుకాణంలోకి వచ్చాడు సూర్యప్రకాశరావు. మంత్రశాస్త్రపు రాతప్రతులు కొనే పాత గిరాకీ. ఆ పత్రిక చూడగానే అతని కళ్లు నిప్పుకణికల్లా వెలిగాయి!

"ఈ నక్షత్రం కోసమే పదేండ్ల సంది దేవులాడుతున్న! ఇది నాకియ్యి. మా అమ్మ పెట్టెల కాగితాల కట్ట మొత్తం నీకిస్త."

ఆశ! పాడు ఆశ! జగదీశ్వర్ అసలు పత్రికను ఆ చేతుల్లో పెట్టాడు. అచ్చం అలాంటిదే ఇంకొకటి రాసి రేణుకకు ఇచ్చాడు. ఆ పిల్ల మారుమాట లేకుండా కళ్లకద్దుకుని, అతనికి దండం పెట్టింది. ఆ దండం ఇప్పుడు గుండెలో ముల్లై గుచ్చుతోంది.

ఎనిమిది రోజులుగా రేణుక రేణుక కాదు. జుట్టు విరబోసుకుని, తెల్లగుడ్లు తేలేసి, బొంగురు మగగొంతుతో అరుస్తోంది... "నా చావు నువ్వు చావాలె!" ఆ గొంతు ఎవరిదో జగదీశ్వర్‌కు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు... సిగ్గు!

పొద్దున ఫోన్ మోగింది. అవతల సూర్యప్రకాశరావు. "పిల్ల పూర్తిగ వశమైతలేదు. నడుమ నడుమ సొంత గొంతుతోని ఏడుస్తున్నది. నాకు నకిలీ అంటగట్టినవా? ఇయ్యాళ నాకు మృత్యుగండం. పన్నెండింటికి ఆ పత్రిక హోమంల వేసి గండాన్ని పిల్ల మీదికి దించాలె. వచ్చి పరీక్ష చెయ్యి!"

జగదీశ్వర్ పైగదికి వెళ్లాడు. రేణుకను పట్టుకుని కూర్చున్న నాయనమ్మ కమలవ్వను జన్మపత్రిక అడిగాడు. ఆమె ట్రంకుపెట్టె తెరిచి వెంటనే ఇచ్చింది.

"నీ మీదనే భారమేసిన సారూ... నువ్వు దేవునసొంటోనివి."

అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఇప్పుడు ఆ మేడలో రక్తవర్ణపు ముగ్గు, నడుమ కపాలం, ఎదురుగా భగభగ మండే హోమగుండం! జగదీశ్వర్ మంత్రగాడి దగ్గరున్న అసలు పత్రిక మీద నీలి టార్చి వేశాడు. నాలుగు మూలలూ పచ్చగా తళుక్కుమన్నాయి!

"కొత్త పసుపు, రావుగారూ... నకిలీ." చొక్కాలోంచి రెండోది తీశాడు. వెలుగు పడినా మూలలు ఉలకలేదు, పలకలేదు. "పసుపు ఏండ్ల కింద వెలిసిపోయింది. ఇదే అసలుది. తప్పైంది నాది."

"ద్రోహీ! నీ సంగతి తర్వాత చూస్త!" వికటాట్టహాసం చేసి ఆ కాగితాన్ని లాక్కున్నాడు మంత్రగాడు. పెదవులపై మంత్రం... పైన పిడుగు... కాగితం మంటల్లో పడింది!

మంత్రగాడికి తెలియనిది, జగదీశ్వర్‌కు తెలిసినది ఒక్కటే. అతను ఇచ్చిన కట్టలో మొదటి పత్రం మీద "చిరంజీవి సూర్యప్రకాశరావు జననం" అని ఉంది. చివరి పత్రం ఖాళీ. దాని నాలుగు మూలలా అతని తల్లి, కన్నబిడ్డ దీర్ఘాయువు కోరి దిద్దిన పసుపు! చేతికాగితం దొరక్క జగదీశ్వర్ ఆ ఖాళీ పత్రం మీదే రేణుక జాతకం రాశాడు. రాత నకిలీ... కాగితం, పసుపు మాత్రం మంత్రగాడివే!

కపాలం కళ్లలో ఎర్రటి జ్వాలలు లేచాయి. పిలిచిన క్షుద్రశక్తికి రాతతో పనిలేదు. ఏ తల్లి పసుపు కాలిందో ఆ బిడ్డను వెతుక్కుంది. ఇన్నేళ్లూ అతన్ని కాచిన రక్షను అతనే కాల్చుకున్నాడు!

"నేను కాదు! దాన్ని పట్టు! రేణుక... రేణుక... అమ్మా!"

అదే ఆఖరి కేక. మంట ఒక్కసారి పైకప్పు తాకి ఆరిపోయింది. ముగ్గు మీద గుప్పెడు బూడిద మిగిలింది.

జగదీశ్వర్ అసలు పత్రిక తీసుకుని ఇంటికి వచ్చేసరికి రేణుక గోడకు ఆనుకుని నీళ్లు తాగుతోంది. సొంత కళ్లు, సొంత గొంతు. అతను ఏడుస్తూ ఏదీ దాచకుండా చెప్పి, పత్రికను ఆమె ముందు పెట్టాడు.

"ఇది నీ అసలుదమ్మా."

రేణుక పత్రిక వైపు వంగి చూసింది. తర్వాత టార్చి అడిగి తీసుకుని వెలిగించింది. మూలలు పచ్చగా మెరిశాయి.

"మెరిస్తే నకిలీ అని దుకాణంల మీరే చెప్పిండ్రు కద సార్."

"ఆ పసుపు నేనే రాసిన తల్లీ. నా మాట నమ్ము..."

ఆమె టార్చి ఆర్పి అతని చేతిలో పెట్టింది. పత్రికను ముట్టుకోలేదు. కమలవ్వ అప్పటికే బట్టలు మూట కడుతోంది. రేణుక లేచి పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

"అది అసలుదేనమ్మా" అన్నాడు జగదీశ్వర్ మళ్లీ. ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు.