పాకం ఆటకు ఆఖరి టెస్ట్

"మీ గేమ్ ఆడాలంటే మనిషికి ఇంకో తలకాయ కావాలండీ," అంది సుమశ్రీ మొదటి రోజే.

దేవీప్రసాద్‌కు ఒళ్లు మండింది. చెల్లెలి స్నేహితురాలు కదా, నక్కపల్లి నుంచి పనిగట్టుకుని వచ్చింది కదా అని చూపిస్తే ఈ మాటా! అనకాపల్లిలో నాన్నగారి బెల్లం కొట్టు మేడ మీద రెండేళ్లు కూర్చుని చేసుకున్న గేమ్ అది. పెనంలో చెరకు రసం కాచాలి, పాకం మాడకముందే దింపాలి. మంటకో మీటరు, వేడికో మీటరు, నురగకో మీటరు, మొత్తం పదకొండు.

"తప్పేటండీ? అన్నీ కనిపిత్తన్నాయి కదా."

"కనిపిత్తే సరిపోదు. ఒకేసారి బుర్రకెన్ని ఎక్కుతాయో చూడాలి. నేను కాలేజీలో చదివింది అదే."

మర్నాడు ముప్పై ఏళ్లుగా బెల్లం వండుతున్న కాసులమ్మను కూర్చోబెట్టారు. సుమశ్రీ రూలు చెప్పింది. ఆడేవాళ్లు మనసులో ఏమనుకుంటే అది పైకి అనెయ్యాలి. గేమ్ చేసినవాడు పక్కనే కూర్చుని నోరు మెదపకూడదు.

కాసులమ్మ మూడు నిమిషాల్లో పాకం మాడ్చేసింది. "ఈ గీతలేటి బాబూ, పాకానికి అడ్డంగా? బుడగ సూత్తే నాకు తెలిసిపోద్ది."

ప్రసాద్ నోరు మూసుకుని విన్నాడు. ఆ రాత్రే ఒక మీటరు పీకేశాడు.

తర్వాత ప్రతి శనివారం ఎవరో ఒకరు ఆడేవారు, వారానికో మీటరు పోయేది. రూలు టెస్ట్‌కి మాత్రమే. అయినా టెస్ట్ అయిపోయాక కూడా సుమశ్రీ ముందు ప్రసాద్‌కు నోరు పెగిలేది కాదు. ఆమె బస్సెక్కగానే చెప్పాల్సినవన్నీ వరసగా గుర్తొచ్చేవి. ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఆమె కుర్చీ వైపు చూస్తూ కూర్చునేవాడు. వారానికి అన్ని రోజులెందుకో అతనికి అర్థమయ్యేది కాదు.

పదకొండో మీటరూ పోయాక వచ్చిన శనివారం సుమశ్రీ వానలో తడిసి వచ్చింది. "పూణేలో ఉద్యోగం వచ్చింది. సోమవారం వెళ్లిపోతన్నాను. ఇవాళ నేనే ఆడతాను."

ప్రసాద్ తలూపి పక్కన కూర్చున్నాడు.

"బుడగలు సన్నగా ఉన్నాయి, ఇంకా కాగాలి," అంది ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా. "మంట తగ్గించేను. పక్కనున్న మనిషి మూడు నెల్లుగా ఏటో సెప్పాలని చూత్తన్నాడు. సెప్పట్లేదు."

"అదీ..."

"నువ్వు మాట్లాడకూడదు. బుడగలు పెద్దవయ్యేయి. పూణేలో శనివారాలెలా గడుత్తాయో తెలీడం లేదు. మా ఇంటికి పెద్దాళ్లని పంపుతాడేమోనని రోజూ ఎదురుచూత్తన్నాను."

తెర మీద పాకం నల్లబడిపోయింది. ఇద్దరిలో ఎవరూ దించలేదు.

సుమశ్రీ మౌస్ వదిలేసింది. "టెస్ట్ అయిపోయింది. ఇంక మాట్లాడొచ్చు."

ప్రసాద్ ఆమె వైపు తిరిగాడు. "నువ్వెళ్లేక ఆ కుర్చీ అమ్మని కూడా కదపనివ్వను," అన్నాడు. "రేపు అమ్మానాన్నల్ని తీసుకుని నక్కపల్లి వత్తాను," అన్నాడు.

సుమశ్రీ ఎవరూ కదపకూడని ఆ కుర్చీని తనే అతని పక్కకు జరుపుకుంది.