హెవ్రకు అటువైపు

పొగమంచు దిగిందంటే మా ఓర్లేన్ కొండ మీద పగలు కూడా దీపం పెట్టుకోవాల్సిందే. ఆ మధ్యాహ్నం దీపం పెట్టుకుని, వేయించిన బార్లీ నములుతూ, నేనూ మా వదిన సోర్మా హెవ్ర నేస్తున్నాం. మా చెల్లెలు నిమెరకు నెలలు నిండాయి. కిందటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారైనా దక్కాలని నా ప్రాణం కొట్టుకుంటోంది.

పుట్టిన బిడ్డను మొదట అందుకునే గుడ్డే హెవ్ర. నిలువు మగ్గానికి ఇటొకరు, అటొకరు కూర్చుని నేయాలి. మధ్యలో నిలువు దారాల పడుగు తెరలా వేలాడుతుంది, ఎదుటి మనిషి కనపడదు. అందుకే అడ్డదారం మోసే నాడెను అటు దూర్చే ముందు "ఉన్నావా?" అనాలి, "ఉన్నా" అనిపించుకోవాలి. నేసినవాళ్ళే కొనలు పట్టి బిడ్డను అందుకుంటారు. బిడ్డ మీద మొదటి హక్కు ఆ చేతులదే.

"నీ వైపు వదులుగా వస్తోంది వదినా," అన్నాను.

"నీ నాలుకకున్న పదును నా వేళ్ళకి లేదులే తల్లీ."

ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "కిందటిసారీ ఇలాగే నేశావు. ఏమైందో చూశాంగా."

నాడె చేతికి తీసుకుని అలవాటుగా అడిగాను.

"ఉన్నావా?"

జవాబు లేదు. అలిగిందనుకున్నాను. వదిన అలిగితే అన్నయ్యకు రొట్టె కూడా సైగలతోనే పెడుతుంది.

"మూతి ముడుచుకుంటే ముడుచుకో, నాడె మాత్రం పంపు," అని దూర్చాను.

నాడె తిరిగి వచ్చింది.

మళ్ళీ దూర్చాను. వచ్చింది. నేత ఇప్పుడు బిగిసింది. కోపం కూడా మంచిదేలే అనుకుని చేతులు జోరు చేశాను. కాసేపటికి నాడె తడిగా రాసాగింది. చల్లగా... అప్పుడే తవ్విన మట్టి వాసనతో. భయమేసి దీపం అటుగా జరిపాను. పడుగు వెనక నీడ లేదు.

నాడె మాత్రం వచ్చింది.

"వదినా... తప్పయింది. ఒక్కసారి పలుకు."

వెనక తలుపు తెరుచుకుంది. మంచులోంచి వదిన, రొప్పుతూ. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"నిమెరకు నొప్పులొచ్చాయే! నీ మాట పడలేక అప్పుడే అక్కడికి వెళ్ళిపోయా. గుడ్డ ఇంకా సగం కూడా..." మగ్గం చూసి ఆగిపోయింది. గుడ్డ చివరి అంచుదాకా వచ్చేసింది.

"ఎవరితో నేశావే?" అంది గుసగుసగా.

వేరే గుడ్డ లేదు. హెవ్రలో పడని బిడ్డ మా కొండ మీద ఎప్పుడూ బతకలేదు. గుడ్డ కోసుకుని ఇద్దరం నిమెర దగ్గరికి పరిగెత్తాం.

"కొనలు పట్టండర్రా, తల కనిపిస్తోంది!" మంత్రసాని తల ఎత్తకుండానే అరిచింది.

నా వైపు రెండు కొనలూ పట్టుకున్నాను. వదిన కదల్లేదు.

"అటు నేసింది నేను కాదే..."

"పట్టుకో వదినా, నీ కాళ్ళు మొక్కుతా."

వంగింది. చేతులు చాచింది. అలాగే ఉండిపోయింది.

అటు రెండు కొనలూ అప్పటికే పైకి లేచి ఉన్నాయి. బిగుతుగా.

బిడ్డ గుడ్డలో పడింది. కేరుమంది. ఆడపిల్ల. బతికే ఉంది. నిమెర అంత అలసటలోనూ నవ్వి చేతులు చాచింది.

"అక్కా, ఇలా ఇవ్వవే నా తల్లిని."

ఇటు లాగాను. రాలేదు.

హెవ్ర మెల్లమెల్లగా... అటువైపు జరుగుతోంది.