శనివారం సంచి

ఇది ఎవరితోనూ అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. ఆ లాండ్రీలో సంచుల మూతి విప్పి పెట్టింది నేనే.

ఆసుపత్రి వెనక సందులో మూతపడ్డ లాండ్రీ అది. చీకటి పడితే ఎవరూ అటు బండి తిప్పరు. కుక్కలు కూడా సందు మొదట్లో ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి మళ్ళుతాయి. యంత్రాలకి కరెంటు తీసేసి ఏడు నెలలైంది. అయినా రాత్రిళ్ళు లోపల పెద్ద డ్రమ్ము తిరుగుతున్న చప్పుడు వినబడుతుందంటారు...

తిరగడం కాదు అది. డ్రమ్ములో పడుకున్నది పక్కకి ఒత్తిగిల్లడం.

నేనక్కడ రెండేళ్ళు పనిచేశాను. మరకల బల్ల నాది. రక్తం అంటిన ఆసుపత్రి దుప్పట్లని విడిగా సంచుల్లో కట్టి నా దగ్గరికి పంపేవాళ్ళు. చల్లటి నీళ్ళు, మందు, బ్రష్షు... మరక వదిలాకే డ్రమ్ములో వెయ్యాలి. ముందే వేడినీళ్ళు తగిలితే ఆ మరక జన్మలో పోదు. మందు ఘాటుకి నా వేళ్ళ చివర్ల తోలు ఊడొచ్చేది. ఉప్పు ముట్టుకుంటే ప్రాణం పోయేది.

ఒక సాయంత్రం విసుగెత్తి, ఒక సంచి మూతి తెరిచే వదిలేసి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి చూస్తే దుప్పట్లు తెల్లగా ఉన్నాయి... పొడిగా ఉన్నాయి. ఒక్క మరక లేదు.

"ఎవరు ఉతికారు?" అని మేస్త్రీని అడిగాను.

"నువ్వే కదమ్మా. చెయ్యి తిరిగింది నీకు," అని మురిసిపోయాడు. "సబ్బు కూడా మిగిలింది."

ఆ రోజు నుంచి రోజూ రెండు సంచుల మూతి విప్పి వెళ్ళేదాన్ని. వచ్చేది ఏమిటని ఆరా తియ్యలేదు. వేళ్ళు మానాయి. అదే పదివేలనుకున్నాను.

తరువాత ఆసుపత్రివాళ్ళు సొంతంగా యంత్రాలు పెట్టుకున్నారు. లాండ్రీ మూతపడింది. నన్ను ఆసుపత్రి దుప్పట్ల గదిలోకి తీసుకున్నారు. ఖాళీ లాండ్రీకి రాత్రి వాచ్‌మన్ కావాలంటే మా బాబాయ్‌ని పెట్టించింది నేనే.

నెల రోజుల ఆకలి దానిది. ఆ సంగతి నాకు తట్టలేదు... లేదు, తట్టింది. పక్కకి తోసేశాను.

బాబాయ్ డ్రమ్ముల మధ్య దొరికాడు. మెడ మీద రెండు చుక్కలు తప్ప గాయం లేదు. మనిషి మాత్రం ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉన్నాడు.

ఆయన కూతురే ఉడుత. పదహారేళ్ళు. అసలు పేరు బడి హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు.

రక్తపిశాచాల్ని వేటాడటం మా ఇంట్లో నాయనమ్మ పని. బాబాయ్‌కి ఆ గొడవ వద్దు. కుర్చీలో కూచుని కునుకు తీసే ఉద్యోగం చాలన్నాడు. నన్ను నాయనమ్మ మొదటి రోజే పంపేసింది. "దీనికి భయం కన్నా జాలి ఎక్కువ. పనికిరాదు," అంది. ఉడుతకి మాత్రం పన్నెండో ఏట నుంచి నేర్పింది. ఇప్పటికి రెండింటిని కూల్చింది ఆ పిల్ల. దాని బడిసంచిలో లెక్కల పుస్తకం పక్కన, మొన తేలేలా చెక్కిన కుర్చీ కోడు ఒకటి ఉంటుంది.

నాయనమ్మ పెట్టిన నియమం ఒకటే — తిన్నదాని జోలికి పోకూడదు. ఆర్నెల్లు తిండి లేకపోతే అది లేవలేకపోతుంది. అప్పుడు వెళ్ళాలి.

ఉడుత ఆర్నెల్లూ క్యాలెండర్ మీద రోజులు కొట్టేస్తూ కూచుంది.

మొన్న గురువారం రాత్రి నా గదికి వచ్చి మంచం మీద కూలబడింది. మోచేతులనిండా దుమ్ము. ఊరికే చూసొద్దామని లాండ్రీలోకి వెళ్ళిందట.

వెనక కిటికీ తోసి దూకిందట. టార్చి మీద రుమాలు కట్టింది. చక్రాల బండ్లు వరసగా ఉన్నాయి... అందులో చివరిది దానంతటదే జానెడు కదిలింది. ఆగింది. గాలేమో అనుకుంది ఉడుత. కిటికీ వేసే ఉంది.

పెద్ద డ్రమ్ము అద్దం దగ్గరికి వెళ్ళి వెలుగు పట్టింది.

లోపల మోకాళ్ళు. మోకాళ్ళ మధ్య జుట్టు. జుట్టు వెనక ఒక కన్ను... తెరిచే ఉంది.

కోడు ఎత్తింది. అది కదల్లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఏమంది?" అని అడిగాను.

"నవ్వొస్తుందక్కా. 'ఈ రోజు శనివారం కాదుగా...' అంది."

దాని మోచేతుల దుమ్ము చేత్తో దులిపాను.

"ఆకలికి మతి పోయింది దానికి. వారాలు లెక్కపెట్టుకుంటోంది పాపం. ఆదివారంతో ఆర్నెల్లు నిండుతాయి. రాత్రి పదకొండుకి వెళ్ళి ముగించేస్తా. సోమవారం లెక్కల పరీక్ష, నా భయమంతా దాని గురించే."

"ఒక్కదానివే వెళ్ళకే."

"నువ్వొస్తావా తోడు? బొద్దింక కనబడితే మంచమెక్కే మనిషివి." లేచి, నా జడ ఒకసారి లాగి వెళ్ళిపోయింది.

మిగతాది కూడా రాస్తాను.

బాబాయ్ చనిపోయిన వారం నుంచి ప్రతి శనివారం, దుప్పట్ల గదిలోంచి మరకల సంచి ఒకటి తీసుకెళ్ళి ఆ వెనక కిటికీ లోపల పెడుతున్నాను. ఆదివారం పొద్దున తెల్లటివి తెచ్చుకుంటున్నాను. ఆకలేస్తే ఇంకెవరినైనా పట్టుకుంటుందని. ఆర్నెల్లుగా ఆ సందులో ఎవరూ చావలేదు. అది నా చలవే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

నిన్న శనివారం మూడు సంచులు పెట్టాను. కడుపు నిండా తాగితే ఈ రాత్రి మత్తుగా పడుంటుంది, ఉడుత పని సులువవుతుందని. నాయనమ్మ నియమం గుర్తొచ్చినా, మనుషుల్లాగే అదీ అనుకున్నాను.

ఈ సాయంత్రం పిన్ని వాళ్ళింటికి వెళ్ళి, మాటల మధ్యలో నాయనమ్మని అడిగాను.

"కడుపు నిండితే అవి నిద్రపోతాయా, నాయనమ్మా?"

"ఆకలి మీదున్నది పాకుతుంది," అంది ఆవిడ. "తిన్నది... వచ్చిందని నీకు తెలిసేలోపే నీ మీద ఉంటుంది. ఎందుకడిగావే?"

"ఊరికే."

పక్కగదిలో ఉడుత లెక్కలు చేసుకుంటోంది. తలుపు వెనక కొక్కేనికి బాబాయ్ చొక్కా ఇంకా అలాగే ఉంది. పిన్ని దాన్ని ఉతకనివ్వదు. దాని గుమ్మం దాకా వెళ్ళి, చెప్పకుండానే ఇంటికొచ్చేశాను.

పదిన్నర దాటింది. రాస్తే బరువు దిగుతుందనుకున్నాను. కాగితానికి చెబితే ఉడుతకి వినబడదు కదా.

"వెళ్ళకు, అది ఆకలితో లేదు" అంటే సరిపోతుందా? నీకెలా తెలుసంటుంది. నీళ్ళు నమిలితే మొండికేసి వెళ్తుంది. అందుకని ముందు బాబాయ్ సంగతే చెప్పాలి. మూతి విప్పిన సంచుల దగ్గర్నుంచి, అన్నీ.

ఆ తరువాత నన్ను అక్కా అని పిలవదు.

పిలవకపోనీ. బతికుండి పిలవకపోతే చాలు.

ఫోను చేస్తున్నాను.