రాజు తాకిన కాసు

డిసెంబరులో ఇంగ్లండులోని నెవార్క్ చుట్టుపక్కల సాయంత్రం అనేదే ఉండదు. మూడున్నరకి వెలుగు పలచబడుతుంది. నాలుగయ్యేసరికి చేలమీద ఎవరో నల్లదుప్పటి లాగి కప్పేసినట్టు ఉంటుంది. ఆ రోజు పొగమంచు కూడా దిగింది. నెల్ వ్యాన్ ముందు సీట్లో ముడుచుకుని, ఫ్లాస్కు మూతలోకి టీ వంచుకుంటూ కోసేసిన గోధుమ చేనువైపు చూస్తోంది. ఆర్చీ వస్తున్నాడు. భుజాన మట్టిలోని లోహాన్ని పసిగట్టే డిటెక్టరు, మోకాళ్లదాకా బురద, ముఖం నిండా నవ్వు.

ఆర్చీకి పాత వెండి నాణేలంటే పిచ్చి. అందులోనూ చార్లెస్ రాజు కాలానివి. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం రేగి, ఊళ్లు తగలబడి, చివరికి ఆ రాజు తలే తెగిపడ్డ కాలం. వాటిని దూదిలో చుట్టి బిస్కెట్ డబ్బాలో దాచుకుంటాడు. నెల్‌కి నాణేలక్కర్లేదు. ఒకప్పుడు వాటిని పట్టుకున్న చేతులెలాంటివో అనుకుంటే చాలు, తను పనిచేసే బేకరీలో రొట్టెలు మాడేదాకా అలా నిలబడిపోతుంది.

"కళ్లు మూసుకో," అన్నాడు ఆర్చీ తలుపు తీసి.

"కప్పని గానీ పెట్టావో, చంపేస్తా."

మెడమీద చల్లగా ఏదో వాలింది. నల్లబడిన వెండి కాసు. పైన చిన్న చిల్లు, అందులోంచి ఆర్చీ ఎక్కించిన నీలం దారం, మెడ వెనక ముడి.

"చిల్లు పడ్డదా! దీన్ని ఎవడూ కొనడన్నమాట. అందుకేనా నాకిచ్చావు?"

"అందుకే మరి! వేసవిలో ఉంగరం పెడతాగా. అప్పటిదాకా నిన్నెవడూ ఎత్తుకుపోకుండా ఇది గుర్తు."

నెల్ చెవులు వేడెక్కాయి. ఆర్చీ కాసుని వేలితో తిప్పాడు. "గొంతు గడ్డల జబ్బువాళ్లని రాజు తన చేత్తో తాకి, ఇలాంటి కాసు మెడలో వేసేవాడట. ఊపిరి ఆడేదట. తీస్తే మాత్రం మళ్లీ తిరగబెట్టేదట. అందుకని చచ్చినా తీసేవాళ్లు కాదు."

"మరి ఇదెవరు తీశారు?"

"నేనే, మట్టిలోంచి. కింద సన్నటి తెల్ల వేరుముక్కలేవో తగిలాయి, వదిలేశా. ఉండు, గుంట పూడ్చేసి వస్తా. అలాగే వదిలేస్తే ఆ రైతు మళ్లీ చేలో అడుగు పెట్టనివ్వడు."

అతని టార్చి వెలుగు మంచులో మసకబారి, మిణుగురంతై, దూరంగా ఒకచోట ఆగింది.

నిశ్శబ్దం. ఎక్కడో నీటి చుక్క రాలిన చప్పుడు. తరవాత వాసన... తడి మట్టి, పాత ఉన్ని, పుండుకి కట్టిన గుడ్డ వాసన. తలుపులన్నీ వేసే ఉన్నాయి.

అప్పుడు వినిపించింది. ఎవరో ఊపిరి తీస్తున్నారు. ఈల వేసినట్టు, సన్నగా, కష్టంగా. కిటికీ కిందనుంచి.

"అక్కా..."

నెల్ కిటికీవైపు తిరిగింది.

"అక్కా, నా కాసు... ఊపిరాడట్లేదు."

అద్దం అంచున తెల్లగుడ్డ టోపీ కొస కనిపించింది. ఆరేడేళ్ల పిల్ల ఎత్తు. అంతకన్నా పైకి లేవలేదు.

నెల్ గుండె కరిగిపోయింది. భయంలోనూ కరిగింది. ఇచ్చేద్దాం, పాపం, దానిదే కదా. ముడి పట్టుకుంది. దారం వదులైంది.

గొంతులో ఏదో ఉబ్బింది.

గాలి లేదు. నోరు తెరిచింది... రాలేదు. దవడ కింద వేడిగా, గట్టిగా, గుడ్డంత గడ్డ. కళ్లముందు చీకట్లు. గబగబా దారం బిగించింది. గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చింది. తడిమి చూసుకుంది. గడ్డ లేదు.

మళ్లీ వదులు చేసింది. మళ్లీ గడ్డ.

బయట ఈల సన్నబడుతోంది. "అక్కా... తొందరగా..."

ఒక్క ముడి. విప్పితే ఆ పిల్లకి ఊపిరి. ఉంచుకుంటే తనకి.

"క్షమించు తల్లీ," అంది నెల్ ఏడుస్తూ. ముడిమీద ముడి వేసేసింది.

ఈల ఆగింది.

కాసేపటికి అడుగులు. చిన్నవి, వట్టికాళ్లవి. వ్యాన్‌కి దూరంగా... చేనులోకి... టార్చి వెలుగున్న వైపు.

"ఆర్చీ!" అని అరిచింది. హారన్‌మీద రెండు చేతులూ వేసి నొక్కింది. దూరాన వెలుగు ఒకసారి ఊగింది. ఆరిపోయింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఏంటా గోల? పక్కూరివాళ్లు కూడా లేచొస్తారు," అంటూ ఆర్చీ ఎక్కి కూర్చున్నాడు.

నెల్ అతని చొక్కా పట్టుకుని వదల్లేదు. "ఎవరైనా... ఎవరైనా కనబడ్డారా?"

"ఈ మంచులోనా? గుంట దగ్గర కొంచెం ఆయాసం వచ్చింది, కూలబడ్డా. ఇప్పుడు హాయిగా ఉందిలే, పిచ్చీ."

వ్యాన్ కదిలింది. ఉంగరం గురించి, చర్చి గురించి, పెళ్లికి వాళ్లమ్మ పెట్టుకోబోయే భయంకరమైన టోపీ గురించి చెబుతూనే ఉన్నాడు. నెల్ ఏడుస్తూనే నవ్వింది. ఆ చలికి ఆమె ఊపిరి తెల్లగా లేచి ముందద్దానికి పట్టింది. చేతిగుడ్డతో తుడిచింది. మళ్లీ పట్టింది.

తుడుస్తూ తుడుస్తూ చెయ్యి ఆపేసింది.

ఆర్చీ గలగలా మాట్లాడుతూనే ఉన్నాడు. అతని ముందున్న సగం అద్దం మాత్రం తుడవకుండానే తేటగా ఉంది.